మైనపు దిమ్మ

మా ఇంటి ఇనుప బీరువాలో, పొలం దస్తావేజులు ఉండే అరలోనే, అగ్గిపెట్టెలో పట్టేంత మైనపు దిమ్మ ఒకటి ఉంది. చిన్న ప్లాస్టిక్ చట్రానికి అతికి ఉన్న ఆ మైనం లోపల మా మేనల్లుడి చెవి వెనుక ఎముక నుంచి తీసిన బియ్యపుగింజంత ముక్క ఇమిడి ఉంది. సహకార బ్యాంకులో 27 ఏళ్ళుగా తాకట్టు కాగితాలు భద్రపరచడమే నా ఉద్యోగం కాబట్టి, ఏ వస్తువును ఎంత జాగ్రత్తగా దాచాలో నాకు తెలుసునని అనుకునేవాణ్ణి. ఈ దిమ్మ విలువ మాత్రం నాకు నాలుగు నెలలు ఆలస్యంగా తెలిసింది. హిస్టియోసైటోసిస్ అనే అరుదైన జబ్బులకు పెద్దాసుపత్రిలో వైద్యం ఎలా జరుగుతుందో, అక్కడికి చేరేలోపు మాబోటి కోనసీమ వాళ్ళు ఎక్కడెక్కడ చిక్కుకుంటారో, ఆ నాలుగు నెలలను మనసులో పెట్టుకునే ఇప్పుడు రాస్తున్నాను.

మాది గోదావరి వైనతేయ పాయ ఒడ్డునున్న ఊరు. మేనల్లుడికి మూడో ఏడు నిండిన వేసవిలో కుడి చెవి కారడం మొదలైంది. చెవిలో చుక్కలు వేయించాం, తగ్గినట్టే తగ్గి మళ్ళీ కారేది. మాడు మీద చంటిపిల్లలకు కట్టే పొక్కులాంటిది కట్టి, ఎంత కొబ్బరినూనె రాసినా ఊడేది కాదు. చెవి వెనుక మెత్తటి వాపు కనిపించినప్పుడు, అంతకు వారం ముందు వీధి అరుగు మీద నుంచి పడ్డాడు కనుక దెబ్బ తాలూకు వాపే అనుకున్నాం. ఆ తరువాత వాడికి దాహం పట్టుకుంది. నీళ్ళకు కొదవలేని సీమలో పిల్లవాడు నీళ్ళు ఎక్కువ తాగితే తప్పుపట్టేవారెవరు? అది కాలువలు కట్టేసిన నెల కావడం వల్ల మాత్రమే మా కంట పడింది. తాగడానికి కొనే 20 లీటర్ల నీళ్ళ టిన్ను మూడు రోజులు వచ్చేది కాస్తా రోజున్నరకే అడుగంటుతోందని మా చెల్లెలు లెక్కవేసి చెప్పింది. రాత్రివేళ ఆరేడుసార్లు లేచి నీళ్ళడిగేవాడు, అన్నిసార్లూ పక్క తడిపేవాడు. ఒకనాడు స్నానానికి తోడి పెట్టిన బకెట్లో నోరు పెట్టి తాగుతూ దొరికాడు.

పక్కింటి పిన్నిగారు సుగరేమో చూపించమన్నారు. రక్తపరీక్షలో సుగరు లేదని తేలింది. అయినా ఆవిడ పెరట్లోంచి గుప్పెడు బిళ్ళగన్నేరు ఆకులు కోసుకొచ్చి, నూరి పరగడుపున పట్టించమన్నారు. "సుగరు లేదన్నారు పిన్నిగారూ" అంటే, "లేకపోతే మరీ మంచిది నాయనా, రాకుండా ఉంటుంది" అన్నారు. ఆ ఆకును మేము పట్టించలేదు, అది మా అదృష్టం. ఈ మొక్క సంగతి ముందు మళ్ళీ వస్తుంది.

అమలాపురంలో మేము చూపించిన పిల్లల డాక్టరు గారు చెవి, మాడు, దాహం అనే మూడింటినీ ఒకే కాగితం మీద రాసుకుని, వాటి చుట్టూ గుండ్రంగా గీత గీశారు. అప్పటిదాకా చెవికి ఒకరు, చర్మానికి ఒకరు, మూత్రానికి ఒకరు చూశారే తప్ప, ముగ్గురి చీటీలనూ పక్కపక్కన పెట్టి చదివినవారు లేరు. ఆయన తీయించిన తల ఎక్స్‌రేలో, కాగితాలను గుచ్చే పంచ్‌తో నొక్కి తీసినట్టుగా, అంచులు స్పష్టంగా ఉన్న గుండ్రటి రంధ్రం చెవి వెనుక కనిపించింది. "ఈ జబ్బును నేను చదువుకునే రోజుల్లో ఒక్కసారే చూశానండి. వైద్యం నావల్ల కాదు, కానీ ఇది ఎవరి దగ్గరికి చేరాలో చెప్పగలను" అన్నారు. పల్లెటూరి రోగికి ఇంతకన్నా గొప్ప వైద్యం మరొకటి ఉంటుందని నేను అనుకోను. ముందు ముక్క తీయించుకుని, ఆ ముక్కతో సహా హైదరాబాదు వెళ్ళమని ఉత్తరం రాసిచ్చారు.

ముక్క తీయించిన చోటే మాకు చిక్కు వచ్చింది. దగ్గరి పట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చెవి వెనుక చిన్న కోత పెట్టి తీశారు. పది రోజులకు వచ్చిన రిపోర్టులో, దీర్ఘకాలిక వాపు ఉందని, ఇయోసినోఫిల్ అనే ఒక రకం తెల్లకణాలు ఎక్కువగా ఉన్నాయని రాసి, ఇన్ఫెక్షన్ అని తేల్చి ఆరు వారాల యాంటీబయాటిక్స్ ఇచ్చారు. దాహం గురించి మేము చెబుతూనే ఉన్నాం, అది చెవి డాక్టరు వినవలసిన మాటగా వారికి తోచలేదు. ఆరు వారాలైనా వాపు తగ్గకపోయేసరికి, అమలాపురం డాక్టరు గారి మాట గుర్తుకు వచ్చి, స్లైడ్లూ దిమ్మా ఇమ్మని అడిగాం. ల్యాబు వారు ఆసుపత్రి మీద, ఆసుపత్రి వారు ల్యాబు మీద చెబుతూ మమ్మల్ని దసరా దాటేదాకా తిప్పారు. చివరకు నేను బ్యాంకు పద్ధతిలో, ఏ తేదీన ఏ నంబరు మీద ఏ వస్తువు వారికి అప్పగించామో రాసి, రెండు ప్రతులు తీసుకువెళ్ళి, రెండో ప్రతి మీద అందినట్టు ముద్ర వేయించుకున్నాను. మూడో రోజున దిమ్మ చేతికి వచ్చింది. అప్పు తీర్చిన రైతుకు దస్తావేజు తిరిగి ఇవ్వకుండా మా బ్యాంకు అన్నాళ్ళు తిప్పితే ఊరు ఊరుకునేదా?

ఆ దిమ్మ ఎందుకు అంత ముఖ్యమో హైదరాబాదులో తెలిసింది. స్లైడు అంటే దిమ్మ నుంచి మిల్లీమీటరులో రెండు వందల వంతు మందాన చెక్కి గాజు మీద పరిచిన పొర. ఉన్న స్లైడును ఎంత పెద్ద డాక్టరు చూసినా, దానికి ఇదివరకు వేసిన రంగులో కనిపించేదే కనిపిస్తుంది. కొత్త రంగులు వేయాలంటే కొత్త పొర చెక్కాలి, దానికి దిమ్మ కావాలి. అక్కడి పాథాలజీ విభాగం వారు సీడీ1ఎ, లాంగరిన్ అనే రెండు ప్రొటీన్లకు రంగు పట్టించి చూసి, నాలుగో రోజున ఇన్ఫెక్షన్ కాదని, లాంగర్‌హాన్స్ సెల్ హిస్టియోసైటోసిస్ అని రాసిచ్చారు. జన్యు పరీక్షకు కూడా ఆ దిమ్మే ఆధారం. ఎముక ముక్కను మైనంలో పెట్టేముందు మెత్తబరచడానికి ఘాటైన ఆమ్లంలో నానబెడితే అందులోని డీఎన్ఏ పాడవుతుందట, అందుకని జన్యు పరీక్ష అవసరం ఉంటుందనుకుంటే ముక్క తీసే రోజే ఆ మాట ల్యాబుకు చెప్పాలని పాథాలజీ డాక్టరమ్మ గారు చెప్పారు. మా ముక్కలో ఎముక కన్నా మెత్తటి కండ ఎక్కువగా ఉండటం వల్ల పరీక్షకు పనికి వచ్చింది.

హిస్టియోసైట్లు అంటే కణజాలాల్లో కాపలా కాసే తెల్లకణాలు. బయటి నుంచి వచ్చినదాన్ని మింగేవి కొన్ని, దాని ఆనవాలును తక్కిన రక్షక కణాలకు చూపించేవి కొన్ని. చర్మంలో ఉండే ఈ రెండో రకం కణాన్ని 1868లో బెర్లిన్‌లో పాల్ లాంగర్‌హాన్స్ అనే వైద్య విద్యార్థి గుర్తించి, కొమ్మలు చాచినట్టున్న దాని రూపం చూసి నాడీకణం అనుకున్నాడు. ఆ మరుసటి ఏడు ఆయనే క్లోమంలో గుర్తించిన కణాల గుంపులను మనం పదో తరగతి పుస్తకంలో లాంగర్‌హాన్స్ పుటికలు అని చదువుకున్నాం. ఇన్సులిన్ పుట్టేది అక్కడే. సుగరేమోనని అనుమానించిన పిల్లవాడికి చివరకు ఆయన పేరే ఉన్న వేరే జబ్బు తేలడం ఒట్టి యాదృచ్ఛికమే అయినా, ఆ రాత్రి లాడ్జి గదిలో నాకు అది వింతగా తోచింది. నిజానికి ఈ జబ్బు కణాలు చర్మం నుంచి వచ్చినవి కావని, ఎముక మజ్జలో పుట్టే పూర్వకణాల్లో తేడా వచ్చి ఏర్పడతాయని ఇప్పటి పరిశోధన చెబుతోంది. పిల్లల్లో ఏటా 10 లక్షల మందికి సుమారు నలుగురైదుగురిలో కనిపిస్తుంది. పాత పుస్తకాల్లో దీన్ని మూడు వేర్వేరు జబ్బులుగా చూసేవారు. 1953లో లిక్టెన్‌స్టైన్ అనే పాథాలజిస్టు మూడింటినీ కలిపి హిస్టియోసైటోసిస్ ఎక్స్ అన్నాడు. అసలు ఏమిటో తెలియనందున ఎక్స్ అని పెట్టిన ఆ పేరు ఇప్పటికీ కొన్ని చీటీల మీద కనిపిస్తుంది.

ఇక పెద్దాసుపత్రి పద్ధతి. ఇటువంటి జబ్బుకు స్పెషలిస్టు అంటే ఒక్క మనిషి అని మేము అనుకుని వెళ్ళాం. అక్కడ పిల్లల రక్తవ్యాధులు, క్యాన్సర్లు చూసే డాక్టరు గారు మా బాధ్యత తీసుకున్నారు కానీ, మొదటి వారం ఆయన మందేమీ రాయలేదు. గురువారం మధ్యాహ్నం జరిగే సమావేశంలో ఆయనతోపాటు పాథాలజీ, రేడియాలజీ, హార్మోన్లు, చెవి, చర్మం విభాగాల వారు ఒకే బల్ల దగ్గర కూర్చుని మా ఫైలును చూశారు. జబ్బు ఒకే అవయవంలో ఉందా, పలు అవయవాల్లో ఉందా అన్నది వారికి మొదటి ప్రశ్న. కాలేయం, ప్లీహం, ఎముక మజ్జ ఈ మూడింటిలో ఏదైనా చిక్కుకుందా అన్నది రెండోది, ఎందుకంటే ప్రాణాపాయం ప్రధానంగా వాటితోనే. ఒక్క ఎముకలోనే ఉన్న జబ్బుకు ఒక్కోసారి చిన్నగా గీకి తీయడంతోనో, కొన్నాళ్ళు గమనిస్తూ ఉండటంతోనో సరిపెడతారు, ఆ మూడింటిలో ఉంటే వైద్యం తీవ్రంగా సాగుతుంది. అందుకే రక్తకణాల లెక్క, కాలేయ పరీక్షలు, పొట్ట స్కాను, ఒళ్ళంతా ఎముకల చిత్రాలు, మెదడు ఎంఆర్ఐ అన్నీ అయ్యేదాకా ఆగారు. మా వాడికి ఆ మూడూ క్షేమంగా ఉన్నాయి. చెవి వెనుక ఎముక, మాడు చర్మం, వాటితోపాటు పీయూష గ్రంథిని మెదడుకు కలిపే కాడ, ఈ మూడింటిలో జబ్బు ఉంది.

దాహానికి కారణం ఆ కాడే. మూత్రం ద్వారా నీరు వృథాగా పోకుండా మూత్రపిండాలకు ఆజ్ఞ ఇచ్చే వాసోప్రెసిన్ హార్మోను ఆ దారిలోనే దిగాలి. కాడ ఉబ్బి ఆ దారి చెడితే, తాగిన నీరు తాగినట్టే పోతుంది. ఇది అతిమూత్ర వ్యాధి, ఇంగ్లీషులో డయాబెటిస్ ఇన్సిపిడస్. పేరులో డయాబెటిస్ అనే మాట ఉన్నా సుగరుకూ దీనికీ సంబంధం లేదు. ఆ గందరగోళం వల్లనే 2022లో వైద్య సంఘాలు దీనికి వాసోప్రెసిన్ లోపం అనే పేరు ఇచ్చాయి. చెవి వెనుక, కణత, కంటిగూడు ఎముకల్లో జబ్బు ఉన్న పిల్లలకు ఇది వచ్చే అవకాశం ఎక్కువట. ఒకసారి వచ్చిన ఈ లోపం జబ్బు తగ్గినా సాధారణంగా తిరిగి సరికాదని హార్మోన్ల డాక్టరమ్మ గారు మా చెల్లెలికి నెమ్మదిగా చెప్పారు. నాలుగు నెలల ముందే వచ్చి ఉంటే ఈ కాడ దక్కేదా అని నేను అడిగాను. ఆవిడ వెంటనే జవాబు చెప్పలేదు. చెప్పలేమన్నారు చివరకు.

ఇది క్యాన్సరా అన్న ప్రశ్న ఇంటి నుంచి ఫోన్లలో రోజూ వచ్చేది. ఈ జబ్బు ఉన్నవారిలో సుమారు సగం మందికి, జబ్బు కణాల్లోని బీరాఫ్ అనే జన్యువులో ఒకే రకమైన మార్పు ఉంటుందని 2010లో తెలిసిన తరువాత, దీన్ని రక్తకణాల వంశానికి చెందిన కణితిగానే వైద్యులు లెక్కిస్తున్నారు. అయితే అది తనంతట తాను తగ్గే సందర్భాలూ ఉన్నాయి, అలా తగ్గిపోయే క్యాన్సరును మన పల్లెల్లో ఎవరూ చూడలేదు కదా. అందుకని మా నాన్నగారికి నేను 'క్యాన్సరు మందుతో తగ్గే జబ్బు' అని మాత్రమే చెప్పాను. ఆయన మరి అడగలేదు.

ఆ మందు పేరు విన్‌బ్లాస్టిన్. వారానికొక ఇంజెక్షను చొప్పున ఆరు వారాలు, నాలుగు వారాలు రోజూ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చి తరువాత మెల్లగా తగ్గించడం, ఆపైన మూడు వారాలకొకసారి అవే మందులు, మొత్తం 12 నెలలు. ఆరు నెలలతో ఆపితే జబ్బు తిరగబెట్టడం ఎక్కువని, ఏడాది ఇస్తే తక్కువని అంతర్జాతీయ పరీక్షల్లో తేలినందువల్లే ఆ గడువు. మొదటి ఇంజెక్షను రోజున, ఇది ఏ మొక్క నుంచి వచ్చిందో తెలుసా అని నర్సమ్మ అడిగి, తనే బిళ్ళగన్నేరు అని చెప్పింది. పిన్నిగారి గుప్పెడు ఆకులు నాకు కళ్ళ ముందు మెదిలాయి. తరువాత చదివి తెలుసుకున్న కథ ఇంకా విచిత్రంగా ఉంది. జమైకాలో సుగరుకు వాడే ఈ ఆకులు 1952లో కెనడాలోని రాబర్ట్ నోబుల్ ప్రయోగశాలకు చేరాయి. ఎలుకలకు ఇచ్చి చూస్తే రక్తంలో చక్కెర తగ్గలేదు, తెల్లకణాలు మాత్రం పడిపోయాయి. ఆ తగ్గించే పదార్థాన్ని ఆయనా చార్లెస్ బీర్ అనే రసాయన శాస్త్రవేత్తా విడదీసి 1958లో ప్రకటించారు. అంటే కోనసీమలోనూ జమైకాలోనూ పెద్దవాళ్ళు ఒకే ఆకును ఒకే జబ్బుకు నమ్ముకున్నారు, ఇద్దరూ పొరబడ్డారు, ఆ పొరపాటు లోంచే ఈ మందు పుట్టింది. ఒక్క గ్రాము మందుకు వందల కిలోల ఎండుటాకు కావాలి. ఆకు నూరి తాగితే మోతాదు తెలియని విషం లోపలికి పోవడమే తప్ప వైద్యం కాదని పిన్నిగారికి తిరిగి వచ్చాక చెప్పాను. ఆవిడ నమ్మినట్టు లేదు కానీ, ఆ మొక్క నుంచి పూజకు పువ్వు కోయడం మాత్రం మానలేదు.

మొదటి ఆరు వారాలు ఆసుపత్రి దగ్గర గది అద్దెకు తీసుకుని చెల్లెలూ బావగారూ ఉన్నారు, నేను శనివారం రాత్రి రాజమండ్రిలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఆదివారం చూసి వచ్చేవాణ్ణి. మందుల ఖర్చు ఆరోగ్యశ్రీ భరించింది. మందు పాతది కాబట్టి పెద్ద ఖరీదూ కాదు. మమ్మల్ని కుంగదీసింది గది అద్దె, ప్రయాణం, పోయిన కూలి, రెండో పిల్లను వదిలి రావడం. ఈ సంగతి తెలిసే కాబోలు, ఆరో వారం తరువాత డాక్టరు గారు, ప్రతిసారీ రక్తపరీక్షకు హైదరాబాదు రానక్కరలేదని, అమలాపురంలో చేయించి ఫోటో పంపితే చాలని అన్నారు. ఇంజెక్షను రోజున మాత్రం రమ్మన్నారు. ఆ మందు నరం దాటి బయటకు ఒలికితే చర్మం కాలిపోతుంది, అలవాటున్న చేయే ఇవ్వాలి. అమలాపురం పిల్లల డాక్టరు గారి పేరిట ఒక పేజీ ఉత్తరం ఇచ్చారు. జ్వరం 101 దాటితే ఏ పరీక్ష చేయాలి, ఏ యాంటీబయాటిక్ వెంటనే మొదలుపెట్టాలి, ఏ టీకాలు ఆపాలి, వాసోప్రెసిన్ లోటు పూడ్చే దాహం మందును నీరసంగా ఉన్నా ఎందుకు మానకూడదు అన్నవి అందులో ఉన్నాయి. ఆగస్టు వర్షాల్లో ఒక రాత్రి జ్వరం వచ్చినప్పుడు, ఆ ఉత్తరం చూపించిన పావుగంటకు సెలైను ఎక్కింది. దూరపు స్పెషలిస్టు, ఊరి డాక్టరు ఒకరినొకరు చూసుకోకుండానే కలిసి చేసిన వైద్యం అది.

నిరీక్షణ హాలులో భీమవరం వైపు చేపల చెరువుల రైతు ఒకాయన పరిచయమయ్యారు. ఆరేళ్ళు రెండు మోకాళ్ళ కింద నొప్పికి కీళ్ళవాతమని మందులు మింగారు, కళ్ళు ముందుకు పొడుచుకు వచ్చాక గానీ ఎవరికీ అనుమానం రాలేదు. ఆయనది ఎర్డ్‌హైమ్ చెస్టర్ వ్యాధి. 1930లో గుర్తించిన ఈ జబ్బు పెద్దవాళ్ళలోనే ఎక్కువ. రెండు కాళ్ళ పొడుగాటి ఎముకలూ ఒకే తీరుగా గట్టిపడటం, మూత్రపిండాల చుట్టూ వెంట్రుకల్లా అల్లుకోవడం, గుండె నుంచి వచ్చే పెద్ద ధమనికి పొరలా కప్పుకోవడం దీని గుర్తులు. ఆయన దిమ్మలో బీరాఫ్ మార్పు దొరికింది. ఆ మార్పు మీదనే పనిచేసే వెమురాఫెనిబ్ అనే మాత్రకు 2017లో అమెరికాలో ఈ జబ్బుకు అనుమతి వచ్చింది, 2022లో కొబిమెటినిబ్ అనే మరో మాత్రకు ఈ కుటుంబంలోని జబ్బులకు అనుమతి ఇచ్చారు. మాత్ర వేసుకున్న కొద్ది వారాల్లోనే కర్ర లేకుండా నడిచానని ఆయన అన్నారు. మానేస్తే చాలామందిలో జబ్బు తిరిగి వస్తుంది కాబట్టి నెలనెలా ఆ ఖరీదు ఎలా మోయాలన్నదే ఆయన దిగులు, రొయ్య ధర మీద ఆధారపడ్డ బతుకుకు అది చిన్న దిగులు కాదు.

పొగ తాగే పెద్దవాళ్ళకు లాంగర్‌హాన్స్ జబ్బు ఊపిరితిత్తులకే పరిమితమై వస్తుందని, కొందరిలో పొగ మానితేనే తగ్గుముఖం పడుతుందని కూడా అక్కడే విన్నాను. లంక పొగాకు చుట్ట కాల్చే మా పెదనాన్నగారికి చెప్పాను. "ఆయ్, ఇన్నాళ్ళూ రాంది ఇప్పుడొస్తాదా" అని నవ్వేశారు.

మందులు పూర్తయి మూడేళ్ళు దాటింది. చెవి వెనుక ఎముక పూడుకుంది, మాడు శుభ్రపడింది. దాహం మందు, డెస్మోప్రెసిన్ మాత్ర, మాత్రం పూటపూటా వేయాలి. మొదట ఇచ్చిన ముక్కు స్ప్రేను చల్లగా ఉంచమన్నారు, తుపానులకు రెండేసి రోజులు కరెంటు పోయే మా ఊళ్ళో అది కుదరక మాత్రలకు మార్చారు. మాత్ర పనిచేస్తున్న వేళ అలవాటుగా నీళ్ళు ఎక్కువ తాగితే రక్తంలో సోడియం పడిపోయి మూర్ఛ రావచ్చు, అందుకని రోజుకొక్కసారైనా మూత్రం పుష్కలంగా వచ్చాకే తరువాతి మాత్ర. ఏడాదికి రెండుసార్లు పొడుగు కొలిచి హైదరాబాదు పంపుతాం, పీయూష గ్రంథి దెబ్బతిన్న పిల్లల్లో ఎదుగుదల హార్మోనూ తగ్గవచ్చు కాబట్టి. నడకలో తూలు, చేతిరాతలో వణుకు వంటివి ఏళ్ళ తరువాతా రావచ్చని, వాటిని కనిపెట్టి ఉండమని కూడా చెప్పారు. అందుకే వాడి పాత రాతపుస్తకాలను పారేయకుండా దాస్తున్నాం.

ఈ జూన్‌లో రెండో తరగతిలో కొత్త టీచరు గారు వచ్చారు. ఆవిడకు ఇవ్వడానికి ప్రతి ఏడూ ఇచ్చే చీటీని మళ్ళీ రాశాను: ఈ బాబు నీళ్ళకు అడిగినప్పుడు, మూత్రానికి అడిగినప్పుడు ఆపవద్దు, పరీక్ష రోజైనా సరే. వాంతులు అయితే, మత్తుగా ఉంటే ఈ నంబరుకు ఫోను చేయండి, మాత్ర మాత్రం మీరు వేయవద్దు. ఆవిడ చదివి, "వీడొక్కడికే వదిలితే తక్కిన ముప్పైమందీ లేస్తారండి" అన్నారు. తరువాత వాణ్ణి తలుపు పక్క బల్లకు మార్చారు.